తిరిగొచ్చే క్రేట్లకు ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు: పన్నెండు వారాల పని డైరీ

పని ఇది. గోదాము నుంచి సరుకుతో వెళ్లి, కడిగించుకుని, మళ్లీ సరుకు ఎత్తుకునే ప్లాస్టిక్ క్రేట్లు. వాటిని మోసే ఇనుప ట్రాలీలు. పుస్తకం ప్రకారం క్రేట్లు 3,600, ట్రాలీలు 140, లోడింగ్ గుమ్మాలు రెండు. ఎన్ని వెళ్లాయి, ఎన్ని వచ్చాయి, ఏవి రాలేదు అన్న మూడు ప్రశ్నలకు ఎవరూ చేత్తో లెక్కపెట్టకుండానే జవాబు రావాలి. అందుకే ఒక్కోదానికి ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగు: రీడరు అనే పరికరం యాంటెన్నా నుంచి పంపే రేడియో తరంగాల శక్తితోనే తన నంబరును తిరిగి చెప్పే చిప్పు. అలా చెప్పడాన్నే ఈ డైరీలో పలకడం అంటున్నాం. క్రేటు లోపలి సరుకును గుర్తించడం ఈ పనిలోకి రాదు. ఆ గీత మొదటి రోజే గీయకపోతే పని ఎప్పటికీ తెమలదు.

చివరికి తేలింది ముందే చెబుతున్నాం, ఇదే దారిలో వెళ్లేవాళ్లకు కొన్ని వారాలు మిగులుతాయి. ట్యాగును చదివించడం కష్టం కాదు. చదవకూడని ట్యాగును లెక్కలోకి రానివ్వకపోవడం కష్టం. ఈ డైరీలో సగం దాని గురించే.

1వ వారం: కొనకముందు కాగితం మీద

ఒక క్రేటు వెంట గుమ్మం నుంచి కడిగే చోటిదాకా, అక్కడి నుంచి మళ్లీ గుమ్మం దాకా నడిచి, అది ఆగిన ప్రతి చోటూ రాసుకోవాలి. ఇక్కడ పదకొండు చోట్లు తేలాయి. వాటిలో లెక్క మారేవి మూడే: గుమ్మం దాటి బయటికి, గుమ్మం దాటి లోపలికి, చెత్తలోకి. మిగతా ఎనిమిది చోట్ల రీడరు పెడితే సమాచారం పెరుగుతుంది, జవాబు మాత్రం మారదు. అందుకే అక్కడ పెట్టలేదు.

రెండో నిర్ణయం నంబరు. తిరిగొచ్చే సామానుకు జీఎస్1 (బార్‌కోడ్ నంబర్ల ప్రమాణాలు చూసే అంతర్జాతీయ సంస్థ) పద్ధతిలో జీఆర్‌ఏఐ-96 అనే అమరిక ఉంది. 96 బిట్లలో మొదటి 8 హెడర్, తర్వాత 3 ఫిల్టర్, 3 పార్టిషన్, 44 బిట్లలో కంపెనీ ప్రిఫిక్స్ (జీఎస్1 ఒక్కో కంపెనీకి ఇచ్చే ముందు అంకెలు), సామాను రకం, చివరి 38 బిట్లలో వరుస సంఖ్య. హెక్సాలో (0-9 అంకెలు, ఎ-ఎఫ్ అక్షరాలతో) రాస్తే ఎప్పుడూ 33తో మొదలవుతుంది. కంపెనీ ప్రిఫిక్స్ లేకపోతే తీసుకోండి. ఏదో ఒక అంకెల వరుస అల్లేస్తే ఆ నంబరు మరో కంపెనీదై ఉండొచ్చు. ఆ కంపెనీ సరుకు మీ గుమ్మంలోకి వచ్చిన రోజు రెండు నంబర్లు ఒకటవుతాయి.

నంబరులో అర్థం దాచొద్దు. క్రేటు రంగు, కొన్న ఏడాది, ఏ గుమ్మానికి చెందింది వంటివన్నీ డేటాబేసులో ఉండాలి. రంగు వెలిసిందనో గుమ్మం మారిందనో ట్యాగును తిరగరాసే అవసరం రాకూడదు.

2వ వారం: ట్యాగు ఎంపిక

కేటలాగులో "10 మీటర్ల దూరం" అని రాసి ఉన్న అంకె గాలిలో వేలాడదీసిన ట్యాగుది. ప్లాస్టిక్ మీద, నీళ్ల సీసాల పక్కన, ఇనుము మీద అది ఎలా ఉంటుందో ఎవరికి వారే కొలుచుకోవాలి. కొలిచే పద్ధతి:

1. యాంటెన్నాను స్టాండుకు బిగించి, ట్యాగును దాని ఎదురుగా సరిగ్గా 2 మీటర్ల దూరంలో పెట్టండి.
2. రీడరు పవరును 5 డీబీఎం (రేడియో పవరు కొలమానం; ఎంత తక్కువ అంకెకు పలికితే అంత మేలు) నుంచి మొదలుపెట్టి ఒక్కో డీబీ పెంచండి.
3. ట్యాగు మొదటిసారి పలికిన పవరు రాసుకోండి.
4. ట్యాగును 90 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలవండి. రెండింటిలో చెడ్డ అంకెనే లెక్కలోకి తీసుకోండి.

వచ్చిన అంకెలు: కాగితపు లేబుల్ ట్యాగు గాలిలో 12 డీబీఎం, ఖాళీ క్రేటు గోడ మీద 13. అదే క్రేటులో నీళ్ల సీసాలు గోడకు ఆనేలా నింపితే 24. అంటే 11 డీబీ నష్టం. పవరు 6 డీబీ తగ్గితే చదివే దూరం సగమవుతుంది కాబట్టి, ఈ నష్టంతో దూరం నాలుగో వంతుకు దగ్గరగా పడిపోతుంది. ట్యాగును క్రేటు అంచు కింది పట్టీ మీదికి, సీసాలకు 3 సెంటీమీటర్లు ఎడంగా జరిపితే 15కు దిగింది. ఖరీదైన ట్యాగు కంటే సరైన చోటు ఎక్కువ మేలు చేసింది.

ఇనుప ట్రాలీ మీద కాగితపు ట్యాగు 30 డీబీఎం దగ్గర కూడా పలకలేదు. లోహం మీద పెట్టడానికే చేసిన గట్టి ట్యాగు 17 దగ్గర పలికింది. ట్రాలీలకు అదే ఖాయం చేశాం. చక్రాల వైపు కాకుండా, తోసే హ్యాండిల్ కింద.

3, 4 వారాలు: జిగురు ఓడిపోయింది

200 క్రేట్లకు జిగురు లేబుల్ ట్యాగులు అంటించి, 65 డిగ్రీల నీటిలో పది సార్లు కడిగించాం. 31 ఊడిపోయాయి. 12 అంటుకునే ఉన్నా పలకలేదు. మొత్తం పోయినవి 43.

క్రేట్లు పాలీప్రొపిలీన్. ఆ ప్లాస్టిక్‌కు ఉపరితల శక్తి తక్కువ, మామూలు అక్రిలిక్ జిగురు దాని మీద పరుచుకోదు. పైగా కొత్త క్రేట్ల మీద అచ్చు నుంచి వదిలేందుకు వాడిన నూనె పొర ఉంటుంది. ఆల్కహాల్‌తో తుడిచి అంటించినవాటిలో ఊడినవి తక్కువే, కానీ ఊడకుండా లేవు. పలకని పన్నెండింటిని విప్పి చూస్తే, చిప్పును అల్యూమినియం యాంటెన్నాకు కలిపే చోట బీట కనిపించింది. వేడికి ప్లాస్టిక్ సాగి, చల్లారి ముడుచుకుంటుంటే కాగితం దానితో పాటు వంగుతుంది. ఆ వంపు అంతా చిప్పు దగ్గరే పడుతుంది.

ఇంకా గట్టి జిగురు వెతకలేదు. జిగురునే వదిలేశాం. గట్టి ప్లాస్టిక్ తొడుగున్న ట్యాగు, రెండు నైలాన్ రివెట్లు. ఇక్కడ మూడు జాగ్రత్తలు:

1. రివెట్ లోహానిది కాకూడదు. ట్యాగు యాంటెన్నా పక్కన లోహం చేరితే దాని శ్రుతి మారుతుంది.
2. ట్యాగు తొడుగులో ఒక రంధ్రం గుండ్రంగా, రెండోది కోలగా ఉండాలి. క్రేటు వేడికి సాగినప్పుడు తొడుగు జరగడానికి చోటు కావాలి.
3. 4 మిల్లీమీటర్ల రివెట్‌కు 4.2 బిట్‌తో రంధ్రం. 4.5తో చేస్తే వదులై, కడిగేటప్పుడు తిరుగుతుంది.

60 క్రేట్ల మీద ఇరవై సార్లు కడిగించి పరీక్షిస్తే ఊడినవి 0, పలకనిది 1. ఆ ఒక్కదానికీ రివెట్ అతిగా నొక్కడంతో తొడుగు పగిలి నీరు చేరింది.

*ఇప్పటికి లెక్క: పీకి పారేసిన లేబుళ్లు 200, నిలిచిన ట్యాగులు 59.*

5వ వారం: ఒకదానిలో ఒకటి దూర్చిన ఖాళీ క్రేట్లు

ఖాళీ క్రేట్లు ఒకదానిలో ఒకటి దూరి 20 ఎత్తున వస్తాయి. అప్పుడు ట్యాగు నుంచి ట్యాగుకు ఎడం 3 సెంటీమీటర్లే. ఇరవైకి 16 మాత్రమే పలికాయి. పవరు పెంచితే 17. దగ్గర దగ్గరగా, ఒకే దిశలో ఉన్న ట్యాగులు ఒకదాని శక్తిని ఒకటి లాక్కుంటాయి. దొంతర మధ్యలో ఉన్నవాటికి అందేది మరీ తక్కువ. దీనికి పవరు మందు కాదు.

డ్రిల్లింగు మూసలో ట్యాగు చోట్లు మూడు చేశాం: ఎడమ, మధ్య, కుడి. వరుస సంఖ్యను మూడుతో భాగిస్తే మిగిలే శేషాన్ని బట్టి చోటు. దొంతరలో క్రేట్లు ఎలా కలిసినా పక్కపక్క ట్యాగులు ఒకే చోట పడే అవకాశం మూడో వంతుకు తగ్గింది. పది దొంతరలు తోసి చూస్తే ఎనిమిదింటిలో 20కి 20, రెండింటిలో 19. దొంతర కదులుతుంటే చదవడం, నిలిచి ఉంటే చదవడం కన్నా నయం. నేల నుంచి, గోడల నుంచి తిరిగొచ్చే తరంగాలు కలిసి కొన్ని చోట్ల సిగ్నల్‌ను చంపేస్తాయి. 866 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు, కాబట్టి ఒక గుడ్డి చోటులో నిలిచిన ట్యాగు ఒక జానెడు జరిగితే చాలు, పలుకుతుంది.

6, 7 వారాలు: నంబర్లు రాయడం

అన్నిటికన్నా ఎక్కువ తిరిగి చేయాల్సి వచ్చిన దశ ఇదే. రెండు తప్పులూ మొదట కంటికి కనిపించలేదు.

మొదటిది స్ప్రెడ్‌షీట్. నంబర్ల పట్టికను మామూలుగా తెరిచి సేవ్ చేయగానే 1,150 వరుసల్లో 519 చెడిపోయాయి. 24 హెక్సా అక్షరాల్లో అన్నీ అంకెలే ఉంటే స్ప్రెడ్‌షీట్ దాన్ని సంఖ్య అనుకుని 15 అంకెల తర్వాత అన్నీ సున్నాలు చేస్తుంది. మధ్యలో ఒక్క "ఈ" (E) అక్షరం మాత్రమే ఉంటే దాన్ని పది ఘాతంగా చదువుతుంది. మా ప్రిఫిక్స్ భాగంలో అన్నీ అంకెలే కావడం, వరుస సంఖ్యలు 1 నుంచి మొదలవడం వల్ల దెబ్బ పెద్దదైంది. వేరే అక్షరాలున్న వరుసలు చెక్కుచెదరలేదు కాబట్టి పైపైన చూస్తే బాగున్నట్టే అనిపించింది. ఆ నిలువును దిగుమతి చేసేటప్పుడే టెక్స్ట్ అని చెప్పాలి. ఇంకా మేలైన దారి, ఆ ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో తెరవకుండా నేరుగా రాసే ప్రోగ్రాముకు ఇవ్వడం.

రెండోది పక్క ట్యాగు. క్రేటుకు బిగించాక చేతి రీడరుతో నంబరు రాయించాం. రాయమన్న ఆదేశానికి మొదట జవాబిచ్చేది ఎదురుగా ఉన్న ట్యాగే అని హామీ లేదు. వెనక దొంతరలో ఇంతకుముందే రాసిన ట్యాగు పలికితే దాని మీదే కొత్త నంబరు పడుతుంది. సరిచూసినప్పుడూ ఆ పక్క ట్యాగే కొత్త నంబరుతో జవాబిస్తుంది, తెర మీద "సరే" వస్తుంది. పట్టుకున్నది ఇలా: ప్రతి చిప్పులోనూ తయారీలోనే పడే, మార్చలేని టీఐడీ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. 1,150 క్రేట్లకు టీఐడీలు 1,150 వచ్చాయి, మన నంబర్లు 1,133 మాత్రమే. 17 క్రేట్లలో ఫ్యాక్టరీ నంబరే మిగిలింది, మరో 17 క్రేట్లలో పక్కవాటి నంబరు కూర్చుంది. మొత్తం 34 క్రేట్లు వెతికి సరిచేశాం.

ఆ తర్వాత పని వరుస మార్చాం. ముందు రాయడం, తర్వాత బిగించడం:

1. బల్ల మీద లోహపు రేకు వేసిన పెట్టె, లోపల చిన్న యాంటెన్నా. పెట్టెలో ఒక్క ట్యాగే ఉండాలి.
2. పవరు 10 డీబీఎంకు మించొద్దు.
3. టీఐడీ చదవండి. రెండు టీఐడీలు వస్తే రాయకుండా ఆపండి.
4. ఆ టీఐడీనే ఎంచుకుని ఈపీసీ (మనం ఇచ్చే నంబరు) రాయండి.
5. టీఐడీ, ఈపీసీ రెండూ కలిపి తిరిగి చదివి, జతగా డేటాబేసులో వేయండి.
6. యాక్సెస్ పాస్‌వర్డ్ పెట్టి ఈపీసీని లాక్ చేయండి. ట్యాగును శాశ్వతంగా చంపేసే కిల్ పాస్‌వర్డ్‌ను కూడా అలాగే వదిలేయొద్దు, లాక్ చేయండి.
7. తొడుగు మీద అదే వరుస సంఖ్యను కంటికి కనిపించేలా ముద్రించండి.

శాశ్వత లాక్ వేయలేదు. అది ఒకసారి పడితే తప్పు దిద్దుకునే దారి ఉండదు. మామూలు లాక్ ఈ పనికి చాలు.

మూస లేకుండా ఇద్దరు కలిసి ఒక్కో క్రేటుకు 95 సెకన్లు పట్టింది. మూసతో, ముందే రాసిన ట్యాగులతో 52 సెకన్లు. రోజుకు ఆరు గంటల పనికి దాదాపు 415 క్రేట్లు.

*ఇప్పటికి లెక్క: క్రేట్లు 3,412, ట్రాలీలు 140. పుస్తకంలో ఉండి కనిపించని క్రేట్లు 188.*

ఆ 188 గురించి ఒక మాట. ట్యాగు వేయడమంటే మొదటి నిజమైన లెక్కింపు. పుస్తకం అంకె తప్పని అక్కడే బయటపడుతుంది. దాన్ని ట్యాగుల వైఫల్యంగా చూడకుండా ఉండాలంటే, అలాంటి తేడా వస్తుందని పని మొదలవకముందే లెక్కలు చూసేవాళ్లకు చెప్పి ఉంచాలి.

8వ వారం: గుమ్మం దగ్గర

నాలుగు యాంటెన్నాలు, రెండు వైపులా రెండేసి. మొదట అన్నీ 1.2 మీటర్లకు పైనే పెడితే ట్రాలీ అడుగు వరుస క్రేట్లు తప్పిపోయాయి. కింది జతను 60 సెంటీమీటర్లకు దించాం.

పవరు లెక్క కాగితం మీద వేసుకోవాలి. రీడరు 30 డీబీఎం. ఎల్‌ఎంఆర్-240 రకం కేబుల్ మీటరుకు పావు డీబీ తింటుంది, 8 మీటర్లకు 2. కనెక్టర్లకు అర. మిగిలింది 27.5. యాంటెన్నా గెయిన్ (సిగ్నల్‌ను ఒక వైపుకు పోగుచేసి పెంచే మేర) 9 అని రాసి ఉన్నా అది వర్తుల ధ్రువణానికి, అంటే తిరుగుతూ వెళ్లే తరంగానికి, చెప్పే అంకె. ఒకే దిశలో అందుకునే రేఖీయ ట్యాగుకు అందులోంచి 3 తీసేయాలి, అంటే 6. మొత్తం 33.5 డీబీఎం ఈఐఆర్‌పీ (యాంటెన్నా నుంచి బయటికి వెళ్లే పవరు లెక్క). పవరు పరిమితి నియమం కొన్ని దేశాల్లో ఈఆర్‌పీలో (అదే పవరును మరో ప్రమాణంతో చెప్పే లెక్క), కొన్నింట్లో ఈఐఆర్‌పీలో రాసి ఉంటుంది. రెండింటికీ తేడా 2.15 డీబీ. యూరప్‌లో, భారత్‌లో బ్యాండు 865 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, అమెరికాలో 902 నుంచి 928 దాకా. వేరే బ్యాండు యాంటెన్నా తెచ్చి బిగిస్తే పని చేస్తున్నట్టే ఉంటుంది, దూరం మాత్రం రాదు. పెట్టె విప్పగానే చూడాల్సింది అదే.

రీడరుకు నెట్‌వర్క్ కేబుల్ నుంచే కరెంటు ఇస్తే స్విచ్చి పోర్టు పీఓఈ ప్లస్ (కేబుల్‌లో ఎక్కువ కరెంటు ఇచ్చే) రకమేనా చూడండి. పాత రకం పోర్టులో పరికరానికి అందేది 13 వాట్ల లోపే. పూర్తి పవరు వాడే సమయంలో ఒక రీడరు పదే పదే రీస్టార్ట్ అయింది. దానికి కారణం వెతకడానికి రెండు రోజులు పోయాయి.

9వ వారం: అక్కర్లేని రీడింగులు

గుమ్మం దగ్గర మొదటి రోజు లాగ్: రీడింగులు 41,300, వేర్వేరు క్రేట్లు 212. నిజంగా గుమ్మం దాటినవి 96. మిగతా 116 నాలుగు మీటర్ల అవతల ఎత్తడానికి సిద్ధంగా పెట్టినవి. ఒక్కో మార్పు చేసి, అదే అమరికలో మళ్లీ కొలిచాం. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

1. యాంటెన్నాలను లోపలికి, కొంచెం కిందికి వంచాం: 116 నుంచి 71.
2. పవరు 30 నుంచి 27: 71 నుంచి 29. కానీ దాటిన 96లో 3 తప్పాయి.
3. నేల మీద గుమ్మానికి 3 మీటర్ల దూరంలో పసుపు గీత, దాని లోపల ఏదీ నిలపకూడదు: 29 నుంచి 6.
4. ఫోటో సెన్సర్ కాంతి కిరణం తెగినప్పుడే 4 సెకన్ల పాటు రేడియో: 6 నుంచి 2.

పసుపు గీత రంగు డబ్బాతో అయిపోయే పని. రేడియో సర్దుబాట్లలో ఏదీ దానంత నమ్మకంగా నిలవలేదు. అయితే గీత లోపల సామాను పెట్టకపోవడం అక్కడ పనిచేసేవాళ్ల చేతిలో ఉంటుంది. సరుకు నిలిపే చోటు వాళ్లకు ఎక్కడ సౌకర్యమో అడిగి, ఆ చోటు ముందు ఇచ్చి, ఆ తర్వాతే గీత గీయాలి.

తప్పిన 3 ఎందుకో వెతికితే సెషన్ అమరిక (ఒకసారి పలికిన ట్యాగు ఎంతసేపు మౌనంగా ఉండాలో చెప్పేది) దగ్గర తేలింది. ఎస్2 సెషన్‌లో ఒకసారి పలికిన ట్యాగు రీడరు శక్తి అందుతున్నంతసేపూ మౌనంగా ఉంటుంది, శక్తి ఆగాక కూడా కనీసం 2 సెకన్లు. పెద్ద గుంపును లెక్కించడానికి అది మంచిదే. గుమ్మం దగ్గర మాత్రం ఎదురు తిరిగింది. పక్కన నిలబెట్టిన క్రేటు ముందే ఒకసారి పలికి, తీరా గుమ్మం దాటేటప్పుడు నోరు విప్పలేదు. ఎస్1కు మార్చాం. అందులో మౌనం అర సెకను నుంచి 5 సెకన్ల మధ్య ముగుస్తుంది, శక్తి అందుతున్నా సరే. మళ్లీ కొలిస్తే తప్పినవి 0.

మిగిలిన 2 షట్టర్ సగం దించినప్పుడు వచ్చినవి. ఇనుప షట్టర్ అద్దంలా పనిచేసి సిగ్నల్‌ను గోదాము లోపలికి తిప్పి కొడుతుంది. వీటిని సాఫ్ట్‌వేరుకు వదిలేశాం.

10వ వారం: రీడింగు వేరు, కదలిక వేరు

ఒక కదలికగా లెక్కలోకి రావాలంటే ఈ షరతులన్నీ తీరాలి:

1. నంబరు 33తో, మన ప్రిఫిక్స్‌తో మొదలవ్వాలి. వచ్చే సరుకు పెట్టెల మీద, మనుషుల బట్టల మీద వేరే ట్యాగులుంటాయి.
2. ఒకే సెన్సర్ కిటికీలో (రేడియో నడిచే ఆ 4 సెకన్లలో) కనీసం 3 రీడింగులు, కనీసం 2 యాంటెన్నాల నుంచి.
3. వాటిలో ఒక్కటైనా మైనస్ 62 డీబీఎం కన్నా బలంగా ఉండాలి. ఈ అంకె మన గుమ్మానిది. వేరే గుమ్మానికి దాటిన క్రేట్లవీ, పక్కన నిలిచిన క్రేట్లవీ విడివిడిగా గీసి, రెండు గుంపుల మధ్య ఖాళీ ఎక్కడుందో చూసి పెట్టుకోవాలి.
4. దిశ రెండు ఫోటో సెన్సర్లలో ఏది ముందు తెగిందో దాన్ని బట్టి. సిగ్నల్ బలాన్ని బట్టి దిశ ఊహించే ప్రయత్నం చేశాం, నిండు ట్రాలీల దగ్గర నమ్మకం కుదరలేదు.

దీనితో షట్టర్ రీడింగులు 2 కూడా పోయాయి. రీడరు గడియారాన్నీ సర్వర్ గడియారాన్నీ ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ మీద గడియారాలు సరిచేసే పద్ధతి) కలపండి. 40 సెకన్ల తేడా ఉంటే ఒక ట్రాలీ ముందు లారీ ఖాతాలో పడుతుంది. నెట్‌వర్క్ తెగినప్పుడు రీడింగులు పోకుండా రీడరు దగ్గరే నిల్వ ఉండాలి. దాన్ని కేబుల్ పీకి చూసి తేల్చుకోవాలి, మాన్యువల్‌లో చదివి కాదు.

11, 12 వారాలు: రెండు లెక్కలూ పక్కపక్కనే

మొదటి గుమ్మం దగ్గర 14 రోజులు చేతి లెక్క ఆపలేదు. ట్రాలీ రాకపోకలు 418. రెండు లెక్కలూ కలిసినవి 401. తేడా వచ్చిన 17:

- చేతి లెక్క తప్పు: 9, మళ్లీ లెక్కించి తేల్చినవి
- ట్యాగు చనిపోవడం లేదా విరగడం: 5
- రెండు ట్రాలీలు పక్కపక్కన ఒకేసారి తోయడం: 2
- గడియారం: 1, ఎన్‌టీపీ ఆగిపోయి ఉంది

పక్కపక్కన తోయకుండా గుమ్మం మధ్యలో గొట్టపు కంచె వేసి దారిని 1.4 మీటర్లకు కుదించాం. మొదట ప్రతి తేడాకూ బజర్ మోగేది. మూడో రోజుకు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు పంపాల్సిన పట్టికకూ చదివిన దానికీ తేడా ఉంటేనే ఎర్ర దీపం, అదీ ఆ ట్రాలీ గీత దాటకముందే. దీపం వెలిగితే ఎవరు ఆగాలో, ఎవరు మళ్లీ లెక్కపెట్టాలో ఆ స్తంభం మీదే రాసి ఉంది.

చనిపోయిన ట్యాగు మార్చేటప్పుడు పాత నంబరు మళ్లీ వాడొద్దు. క్రేటుకు కొత్త నంబరు ఇచ్చి, పాతది "తీసేసినది" అని గుర్తుపెట్టి, రెండింటినీ డేటాబేసులో కలపండి. పాత ట్యాగు ఎక్కడో మూలన పడి మళ్లీ పలికినా అప్పుడు అయోమయం ఉండదు. ముందే రాసిన ట్యాగులు నూటికి ఐదు చొప్పున, రివెట్లు, 4.2 బిట్ కలిపి కడిగే చోటు దగ్గర ఒక పెట్టెలో ఉంచాం.

*ఇప్పటికి లెక్క: పలుకుతున్న క్రేట్లు 3,412, వాటిలో ట్యాగు మార్చినవి 5. ట్రాలీలు 140. ముగిసిన గుమ్మాలు 1.*

రెండో గుమ్మం మొదటిదానికి 5 మీటర్ల దూరంలో ఉంది. పరీక్ష కోసం రెండూ ఒకేసారి నడిపితే ఒకదాని ముందున్న ట్రాలీ మరోదానిలోనూ పలికింది. మధ్యలో నేల నుంచి 2.5 మీటర్ల ఎత్తు దాకా, 1 సెంటీమీటరు గళ్ల ఇనుప జాలీ, నేలకు ఎర్త్ చేసి బిగిస్తున్నాం. జాలీ ఉన్నప్పుడు, లేనప్పుడు అదే 96 క్రేట్లతో కొలత వేస్తాం. అప్పటిదాకా రెండు గుమ్మాల్లోనూ పలికిన ట్యాగును, ఎక్కువ రీడింగులు వచ్చిన గుమ్మం ఖాతాలోనే వేస్తున్నాం.